రెండు సెకన్లలో ఒక మాట: కాంట్రా డాన్స్‌లో కాలర్ పని

అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాల్లో చాలా ఊళ్ల టౌన్ హాళ్లలో, రైతు సంఘాల గ్రేంజ్ హాళ్లలో కాంట్రా డాన్స్ అనే జానపద నృత్యం జరుగుతుంటుంది. స్టేజి మీద ఫిడిల్, పియానో, ఒక్కోసారి అకార్డియన్. పక్కన మైకు పట్టుకుని, ఏ కదలిక చెయ్యాలో పలుకుతూ ఆడేవాళ్లను నడిపించే ఒక కాలర్. కింద యాభై మందో, వంద మందో జనం. జంటగా రానక్కర్లేదు, ముందే నేర్చుకుని ఉండక్కర్లేదు, ప్రత్యేకమైన బట్టలూ అక్కర్లేదు. ఆ రోజే మొదటిసారి వచ్చినవాళ్లూ, ముప్పై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లూ ఒకే వరుసలో నిలబడతారు. కాసేపటికి వాళ్లంతా చేతులు మార్చుకుంటూ, తాళం తప్పకుండా తిరుగుతుంటారు.

ఈ పనితనమంతా కాలర్‌ది. బయటివాళ్లకు కాలర్ ఏవో పేర్లు అరుస్తున్నట్టే ఉంటుంది: స్వింగ్, చైన్, హే, అలెమాండ్ లెఫ్ట్. కానీ ఏ కదలికను ఏ పేరుతో పిలవాలి, ఆ పేరు ఏ క్షణంలో పలకాలి, తెలియనివాళ్లకు దాన్ని ఎలా నేర్పాలి అన్నవి మూడు వేర్వేరు చిక్కులు. ఒకదాన్ని విప్పబోతే ఇంకోటి బిగుసుకుంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పేరు ఎంత బాగున్నా, ఆ కదలిక అయ్యేసరికి మీరు ఎవరి పక్కన, ఎటు చూస్తూ ఉండాలో చెప్పని కాలర్ ఏమీ నేర్పనట్టే.

ముందు డాన్స్ ఎలా ఉంటుందో చూద్దాం. జంటలు రెండు పొడవాటి వరుసలుగా ఎదురెదురుగా నిలబడతాయి. కాలర్ ‘హ్యాండ్స్ ఫోర్’ అనగానే స్టేజి వైపు నుంచి మొదలుపెట్టి రెండేసి జంటలు చేతులు కలిపి నలుగురేసి గుంపులవుతాయి. ఆ నలుగురిలో మీ జంట మనిషి మీ పార్ట్‌నర్. అవతలి జంటలో మీకు దగ్గరగా, అదే వరుసలో ఉన్న మనిషి మీ నైబర్. జంటలో ఎడమవైపు నిలబడేవాళ్లను ఇప్పుడు చాలాచోట్ల లార్క్ అనీ, కుడివైపు వాళ్లను రాబిన్ అనీ అంటున్నారు. ఈ పేర్ల కథ తర్వాత చెబుతాను. నలుగురూ కలిసి ఒక వరస కదలికలు పూర్తిచేశాక రెండు జంటలూ ఒకదాన్నొకటి దాటుకుని, ఒకటి హాలు పైకి, అంటే స్టేజి వైపుకు, ఒకటి కిందికి జరిగి కొత్త జంటను కలుస్తాయి. మళ్లీ అదే వరస. ఇలా కొత్త జంట దగ్గరికి జరగడాన్ని ప్రోగ్రెషన్ అంటారు. ఒకే డాన్స్ పదిహేనుసార్లు తిరిగేసరికి హాల్లో చాలామందితో మీరు చేతులు కలిపి ఉంటారు.

పాట ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటుంది. 64 అడుగులు, పదహారేసి చొప్పున నాలుగు భాగాలు. నిమిషానికి సుమారు 115 అడుగుల వేగంతో వాయిస్తారు కాబట్టి ఒక వరస అరనిమిషం కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. కొత్తవాళ్లకు సరిపోయే తేలికైన వరస ఒకటి చూడండి. మొదటి భాగంలో నైబర్‌తో బ్యాలెన్స్ (చేతులు పట్టుకుని ఒకరి వైపు ఒకరు అడుగు వేసి వెనక్కి రావడం), స్వింగ్ (ఇద్దరూ పట్టుకుని గిరగిరా తిరగడం): పదహారూ వాటికే. రెండో భాగంలో రాబిన్లు ఎదురు వైపుకు చైన్ (అదెలాగో తర్వాత చెబుతాను), ఎనిమిది. నలుగురూ మధ్యలో ఎడమ చేతులు కలిపి చుట్టూ నడిచే స్టార్, ఎనిమిది. మూడో భాగంలో పార్ట్‌నర్‌తో బ్యాలెన్స్, స్వింగ్. నాలుగో భాగంలో రెండు పొడవాటి వరుసలూ ముందుకీ వెనక్కీ, ఎనిమిది. నలుగురూ చేతులు పట్టుకుని ఎడమకు మూడు స్థానాలు తిరిగి, నైబర్‌ను దాటి ముందుకు వెళ్లడం, ఎనిమిది.

ఇందులో ఉన్నవన్నీ పాత సామాను. కాంట్రాలో వేల కొద్దీ డాన్సులున్నా వాటిలో తరచు వచ్చే కదలికలు రెండు మూడు డజన్లకు మించవు. పూర్వం ఇలా ఉండేది కాదు. పెట్రొనెల్లా, కోరస్ జిగ్, మనీ మస్క్ లాంటి పాత డాన్సులకు ఏ పాటకు ఆ వరస కట్టుబడి ఉండేది. ఊళ్లో వాళ్లకు డాన్స్ పేరు చెబితే చాలు, మిగతాది కాళ్లకు తెలుసు. 1970ల తర్వాత కొత్త డాన్సులు కట్టేవాళ్లు బాగా పెరిగారు. ఒక సాయంత్రం ఆడే పది పన్నెండు డాన్సుల్లో చాలావరకు జనానికి కొత్తవే అయ్యే రోజులొచ్చాయి. దాంతో గుర్తుపెట్టుకోవాల్సింది డాన్స్ పేరు కాకుండా కదలికల పేర్లు అయింది. ప్రతి డాన్స్‌కు ముందు, పాట లేకుండా ఒకటి రెండుసార్లు నడిపించి చూపించే వాక్‌త్రూ తప్పనిసరి అయింది.

దీనికి దగ్గరి చుట్టమైన, నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి ఆడే ఆధునిక స్క్వేర్ డాన్స్ ఇంకో దారి పట్టింది. 1974లో మొదలైన కాలర్‌ల్యాబ్ అనే కాలర్ల సంఘం పిలుపులకు అధికారిక జాబితా, ఒక్కోదానికి కచ్చితమైన నిర్వచనం తయారుచేసింది. మెయిన్‌స్ట్రీమ్ అనే స్థాయిలోనే సుమారు 70 పిలుపులుంటాయి. అవి వచ్చినవాళ్లే ఫ్లోర్ మీదికి వస్తారు, అందుకోసం నెలల తరబడి క్లాసులకు వెళ్తారు. అక్కడ వాక్‌త్రూ అక్కర్లేదు, తర్వాతి పిలుపు ఏమిటో ఎవరికీ ముందు తెలియదు, సరదా అంతా అందులోనే. కాంట్రాలో అలాంటి అధికార సంస్థ లేదు. డాన్స్‌కు ముందు ఓ అరగంట కొత్తవాళ్ల పాఠం ఉంటుంది, అంతే. తలుపు తెరిచి ఉంచాలంటే పదజాలం చిన్నదిగా ఉండాల్సిందే. కొత్త కదలిక కనిపెట్టి దానికి ముద్దుపేరు పెట్టాలని ఉబలాటపడే డాన్స్ రచయితలు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇక సమయం. కాలర్ మాట కదలిక మొదలవడానికి ముందే పూర్తవ్వాలి. పొడవాటి వరుసలు ముందుకు నాలుగు, వెనక్కి నాలుగు అడుగులు వేస్తున్నాయనుకోండి. ఆ వెనక్కి వేసే నాలుగు అడుగుల్లోనే ‘సర్కిల్ లెఫ్ట్, త్రీ ప్లేసెస్’ అనెయ్యాలి. నాలుగు అడుగులంటే రెండు సెకన్లు. ఎనిమిదో అడుగు పడేసరికి మాట అయిపోవాలి, ఒకటో అడుగుకు చేతులు కలిసిపోవాలి. పాటతో సమానంగా ఒకటో అడుగు మీద పలికితే అది రైలు కదిలాక వినిపించే అనౌన్స్‌మెంట్ లాంటిదే. కొత్త కాలర్లలో ఎక్కువ మందికి వచ్చే టెన్షన్ ఇదే: సంగీతం వింటూ పలకడం మనకు అలవాటు, ఇక్కడ సంగీతానికి ముందు పలకాలి.

ఆ రెండు సెకన్లలో మాటల వరస కూడా లెక్కే. ముందు ఎవరు, తర్వాత ఏమిటి, చివర ఎంతవరకు. ‘రాబిన్స్, చైన్’ అంటే మొదటి మాట వినగానే రాబిన్లు సిద్ధమవుతారు, లార్కులు ఆగుతారు. తిప్పి చెబితే నలుగురూ ఒక్కసారి ముందుకు ఉరికి ఆగాల్సి వస్తుంది. చెయ్యి పట్టుకుని తిరిగే అలెమాండ్‌కు ఏ చెయ్యో కూడా చెప్పాలి. ఏ చెయ్యో సరిగా వినబడితే చుట్టు లెక్క తప్పినా సర్దుకోవచ్చు. చెయ్యే తప్పితే మాత్రం ఇద్దరూ ఆగిపోతారు.

అంటే పాటలో పలికే పేరు చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. కానీ ఎనిమిది అడుగుల పనిని ఒక్క మాటలో ఇమిడ్చారంటే ఆ మాటలో బోలెడు దాగి ఉందన్నమాట. చైన్ తీసుకోండి. ఇద్దరు రాబిన్లు మధ్యలో కుడిచేతులు పట్టుకుని ఒకరినొకరు దాటాలి. అవతల ఉన్న లార్కుకు ఎడమచెయ్యి ఇవ్వాలి. ఇద్దరూ పక్కపక్కన ఉండి, లార్కు వెనక్కి నడుస్తూ, రాబిన్ ముందుకు నడుస్తూ సగం చుట్టు తిరిగి, మళ్లీ గుంపు మధ్యకు చూడాలి. ఈ చివరి తిరుగుడుకు కర్టెసీ టర్న్ అని వేరే పేరుంది, కానీ పాట మధ్యలో దాన్ని ఎవరూ పలకరు. తెలిసినవాళ్లకు అది చైన్ అన్న మాటలోనే ఉంటుంది. తెలియనివాళ్లకు ఆ మాట ఉత్త శబ్దం.

అందుకే వాక్‌త్రూలో ఆ వరస తిరగబడాలి. పాటలో పేరు ముందు, కదలిక వెనక. నేర్పేటప్పుడు కదలిక ముందు, పేరు వెనక. ‘ఇప్పుడు రాబిన్స్ చైన్ చేద్దాం, చైన్ అంటే...’ అని మొదలుపెట్టే కాలర్లను చూస్తుంటాను. కొత్తవాళ్లు ఆ పేరు దగ్గరే ఆగిపోయి, అది తమకు తెలిసి ఉండాల్సిందేమో అన్న కంగారులో తర్వాతి రెండు వాక్యాలు వినరు. నాకు నచ్చిన పద్ధతి ఇది: ‘రాబిన్స్, కుడిచెయ్యి చాచండి. ఒకరినొకరు దాటండి. ఎదురుగా మీ పార్ట్‌నర్ ఉన్నారు, ఎడమచెయ్యి ఇవ్వండి. ఇద్దరూ కలిసి తిరిగి మధ్యకు చూడండి. పార్ట్‌నర్ పక్కనే ఉన్నారా? ఇది చైన్.’ అలా చేస్తే పేరు వినేసరికే ఒంటికి ఆ కదలిక తెలిసి ఉంటుంది, పేరు దానికి అతుక్కుంటుంది.

ఆ ‘పార్ట్‌నర్ పక్కనే ఉన్నారా?’ అన్న ప్రశ్నను నేను ప్రాణంగా చూస్తాను. చుట్టు లెక్కలకన్నా గమ్యం బలమైనది. అలెమాండ్ ఒకటిన్నర చుట్టు అంటే ఎక్కడ ఆగాలో కొత్తవాళ్లకు తెలియదు, ఎందుకంటే తిరిగేవాళ్లకు ఒకటీ ఒకటిన్నరా ఒకేలా ఉంటాయి. ‘ఒకసారి తిరగండి, ఇంకా తిరగండి, పార్ట్‌నర్ ఎదురుపడగానే వదలండి’ అంటే అందరూ సరైన చోట వదులుతారు. సర్కిల్ లెఫ్ట్ ముప్పావు చుట్టు అన్నా అంతే. భిన్నాలు ఊహించుకుంటూ నడవడం కష్టం. మూడు స్థానాలు అని, ఒక్కో స్థానం దగ్గర ఆపి ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టిస్తే పని జరుగుతుంది. పైన చెప్పిన వరసలో మూడో స్థానం దగ్గర ఆపి, హాలు పొడవునా చూడమనాలి: పార్ట్‌నర్ పక్కన, నైబర్ ఎదురుగా, అంటే వరస మొదలైనప్పుడు ఉన్న చోటే. అక్కడినుంచి నైబర్‌ను దాటితే కొత్త నైబర్. ఈ ఒక్క చోటు తప్పితే ప్రోగ్రెషనే పోతుంది. హాల్లో గందరగోళం చాలాసార్లు ఇక్కడే పుడుతుంది, నాలుగో స్థానం దాకా వెళ్లిపోయిన గుంపు దగ్గర.

స్వింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఇద్దరూ బాల్‌రూమ్ పట్టుతో గిరగిరా తిరగడం అందరికీ ఇష్టం, దాన్ని నేర్పడానికి కాలర్లు ఎంతసేపైనా వెచ్చిస్తారు: కుడిపాదాలు దగ్గరగా, ఎడమపాదంతో తోసుకుంటూ, కళ్లు తిరగకుండా ఎదుటి మనిషి ముఖం చూస్తూ, అది ఇబ్బందనిపిస్తే చెవినో భుజాన్నో చూస్తూ. కానీ స్వింగ్ ముగిశాక రాబిన్ లార్కుకు కుడిపక్కన ఉండాలన్న చిన్న సంగతి మీదే తర్వాతి కదలికంతా ఆధారపడి ఉంటుంది. ఎంత బాగా తిరిగినా అటుదిటు అయితే చైన్ ఎవరు చెయ్యాలో తెలియక నలుగురూ ముఖాలు చూసుకుంటారు.

అన్నిటికన్నా కష్టమైనది హే. నలుగురు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోకుండా, అల్లుకుంటూ ఒకరినొకరు దాటే కదలిక, పూర్తిగా చేస్తే పదహారు అడుగులు. పక్కన నైబర్, ఎదురుగా పార్ట్‌నర్ ఉన్నప్పుడు రాబిన్లు మొదలుపెట్టే హే ఇలా సాగుతుంది: మధ్యలో రాబిన్లు కుడిభుజాలతో దాటుకుంటారు. అవతలి పక్కన పార్ట్‌నర్లు ఎడమభుజాలతో దాటుకుంటారు. ఇప్పుడు మధ్యలోకి వచ్చిన లార్కులు కుడిభుజాలతో, ఆ తర్వాత పక్కల నైబర్లు ఎడమభుజాలతో. అక్కడికి సగం అయింది, ఎనిమిది అడుగులు. మిగతా సగం మళ్లీ ఇదే. ఒక్కో దాటడానికి రెండేసి అడుగులు. కొందరు కాలర్లు దీన్ని ఎనిమిది అంకె ఆకారం అని వర్ణిస్తారు. ఆ వర్ణన పైనుంచి చూసేవాళ్లకు పనికొస్తుంది. లోపల నడిచేవాళ్లకు ఆకారం కనబడదు, ఎదురుగా వచ్చే మనిషే కనబడతాడు. ‘మధ్యలో కుడిభుజం, పక్కల ఎడమభుజం, బయటికి వచ్చేసినవాళ్లు కాస్త వెడల్పుగా తిరిగి మళ్లీ లోపలికి’ అన్న సూత్రం లోపలి మనిషి కోసం చెప్పింది. అంతకన్నా మంచి పని, తెలిసిన నలుగురిని మధ్యకు పిలిచి ఒకసారి చేసి చూపించమనడం. హే విషయంలో ఒక నిమిషం చూడడం మూడు నిమిషాలు వినడం కన్నా మేలు. పాట మొదలయ్యాక మొదటి రెండు మూడు వరసల్లో కాలర్ ఒక్కో దాటును పలుకుతూ పోతారు: రాబిన్స్ రైట్, పార్ట్‌నర్స్ లెఫ్ట్, లార్క్స్ రైట్, నైబర్స్ లెఫ్ట్.

పేర్లలో కొన్ని తమ అర్థం తామే చెప్పేస్తాయి: సర్కిల్ లెఫ్ట్, లాంగ్ లైన్స్. కొన్ని మూగవి. నలుగురూ వలయంలో బ్యాలెన్స్ చేసి, ఎవరికి వారు గుండ్రంగా తిరుగుతూ కుడిపక్క మనిషి చోటికి జరిగితే అది పెట్రొనెల్లా. ఈ కదలిక ఉన్న 19వ శతాబ్దపు డాన్స్ పేరే దానికి అతుక్కుంది. ఒకరు ఇటు, ఒకరు అటు చూస్తూ చేతులు పట్టుకున్న వరుసలో పక్కకు తిరుగుతూ జారితే రోరీ ఓ మోర్, అదీ పాత డాన్స్ పేరే. వీటిని మార్చాలని నేను అనను, ఈ పేర్లలో చరిత్ర ఉంది. నేర్పేటప్పుడు మాత్రం ‘మీ కుడిపక్కన ఎవరున్నారో చూడండి, వాళ్ల చోటు ఇక మీది’ అన్న మాట లేకుండా పెట్రొనెల్లా అనకూడదు.

మూగ పేరు ఏమవుతుందో చరిత్రలోనే ఉంది. 1651లో లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ ఇంగ్లిష్ డాన్సుల పుస్తకం అచ్చువేశాడు. కాంట్రాకు మూలాలు ఆ సంప్రదాయంలోనివే. అందులో ‘సైడ్స్’ అన్న కదలిక తరచు వస్తుంది. ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే కాబట్టి ఎలా చెయ్యాలో అచ్చులో వివరించలేదు. 20వ శతాబ్దం మొదట్లో ఆ డాన్సులను బతికించిన సెసిల్ షార్ప్ దానికి తన ఊహతో ఒక రూపం ఇచ్చాడు. దశాబ్దాల తర్వాత ఇంగ్లిష్ డాన్స్ రచయిత పాట్ షా దాన్ని వేరే విధంగా అన్వయించాడు. ఈ రోజుకీ ఇంగ్లిష్ కంట్రీ డాన్స్ నేర్పేవాళ్లు సైడింగ్ అన్నప్పుడు ఎవరి పద్ధతిలోనో చెప్పుకోవాల్సిందే.

పేరు మార్చాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇద్దరు ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ, తాకకుండా ఒకరి చుట్టూ ఒకరు నడిచే కదలికను చాలాకాలం జిప్సీ అన్నారు. అది యూరప్‌లో ఎక్కువగా ఉండే రోమా ప్రజలను బయటివాళ్లు పిలిచే మాట, వాళ్లలో చాలామంది దాన్ని తమను కించపరిచేదిగా భావిస్తారు. గత పదేళ్లలో చాలా చోట్ల దాని బదులు ‘రైట్ షోల్డర్ రౌండ్’ వచ్చింది. కొత్త పేరులో అక్షరాలు ఎక్కువ, రెండు సెకన్లలో సర్దడానికి కాలర్లు మొదట ఇబ్బంది పడ్డారు. కానీ ఆ పేరు ఏ భుజమో, ఏం చెయ్యాలో తనే చెప్పేస్తుంది. ఎడమభుజంతో చెయ్యాల్సినప్పుడు ఒక్క మాట మారిస్తే సరిపోతుంది. మనుషులను నొప్పించకుండా ఉండడమే మార్చడానికి చాలినంత కారణం, నేర్పడం తేలికవడం అదనపు లాభం.

లార్క్, రాబిన్ కథ ఇంకా పెద్దది. అంతకుముందు జెంట్స్, లేడీస్ అనేవారు. ఎవరు ఏ పాత్రలోనైనా ఆడడం మామూలయ్యాక ఆ పేర్లు మనుషులను బయటికి నెట్టేవిగా తయారయ్యాయి. చేతికి పట్టీ కట్టుకున్నవాళ్లు, కట్టుకోనివాళ్లు అన్న తేడాతో నడిపిన బృందాలున్నాయి. జెట్స్, రూబీస్ అని ప్రయత్నించినవాళ్లున్నారు. లీడ్, ఫాలో అన్నది సల్సా లాంటి వాటికి సరిపోతుంది గానీ ఇక్కడ ఇద్దరినీ నడిపించేది కాలరే, ఒకరు ఇంకొకరి వెనక నడవరు. లార్క్స్, రేవెన్స్ వచ్చి, తర్వాత రేవెన్స్ స్థానంలో రాబిన్స్ స్థిరపడింది. ఈ జత నిలబడడానికి కారణం నాకు కాలర్ నోటిలోనే కనిపిస్తుంది. ఎల్ అంటే లెఫ్ట్, ఆర్ అంటే రైట్, కాబట్టి ఎవరు ఎటు నిలబడాలో పేరే గుర్తుచేస్తుంది. లార్క్స్ ఒక్క ఊపులో పలికే మాట, రాబిన్స్ రెండు ఊపులు. జెంట్స్, లేడీస్‌లోనూ అదే కొలత. దాంతో కాలర్ల నోటికి పట్టిన లయ చెడలేదు. హాలు చివర గోలలో నిలబడ్డవాళ్లకు అక్షరాలు వినబడకపోయినా ఊపుల తేడా తెలుస్తుంది.

పాత్రల పేర్లు అసలే లేకుండా పిలిచే కాలర్లూ ఉన్నారు. ఎవరు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి, ‘కుడిచెయ్యి ఖాళీగా ఉన్నవాళ్లు మధ్యకు రండి’ అన్నట్టు చెబుతారు. దీన్ని పొజిషనల్ కాలింగ్ అంటారు. వినేవాళ్లకు హాయిగా ఉంటుంది. కాలర్‌కు మాత్రం ప్రతి క్షణం నలుగురి స్థానాలూ తలలో ఉండాలి, డాన్సులనూ అందుకు తగ్గట్టు ఎంచుకోవాలి. హే మొదలుపెట్టేది ఎవరు అన్న చోట ఇది బాగా కష్టపెడుతుంది. సాయంత్రమంతా అలా నడపగలిగినవాళ్లంటే నాకు గౌరవం. కొత్త కాలర్‌ను మాత్రం దాంతో మొదలుపెట్టమని చెప్పను.

పిలుపులు చివరిదాకా ఒకేలా ఉండవు. మొదటి రెండు మూడు వరసల్లో ‘విత్ యువర్ నైబర్, బ్యాలెన్స్ అండ్ స్వింగ్’ అని పూర్తిగా, తర్వాత ‘బ్యాలెన్స్ అండ్ స్వింగ్’, ఆ తర్వాత ‘స్వింగ్’, అక్కడినుంచి ఏమీ లేదు. జనం సంగీతం వింటూ ఆడతారు. కాలర్ కళ్లు మాత్రం హాలు మీదే ఉంటాయి, ముఖ్యంగా వరుసల చివర, అక్కడ జంటలు ఒక వరస ఆగి, పక్కలు మార్చుకుని తిరిగి చేరాలి. ఏదైనా గుంపు చెదిరిపోతే జరిగిన తప్పును వివరించడం మొదలుపెట్టకూడదు. పాట ఆగదు, వివరణ పూర్తయ్యేసరికి ఇంకో రెండు కదలికలు దాటిపోతాయి. ఆ గుంపును వదిలేసి, వరస కొత్తగా మొదలయ్యే చోటుకు నాలుగు అడుగుల ముందు, ‘కొత్త నైబర్‌ను చూడండి, బ్యాలెన్స్’ అని ఒకసారి గట్టిగా పలికితే, ఎక్కడ తప్పిపోయినవాళ్లయినా అక్కడ వచ్చి కలుస్తారు.